గడువు దాటిన కారుని దానం చెయ్యాలనుకుంటే: విశాఖ కారు యజమానికి సమగ్ర మార్గదర్శి

2008 మార్చిలో మా ఆల్టోకి ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ చేయించాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, కుంకుమ, డాష్‌బోర్డు మీద సింహాద్రి అప్పన్న బొమ్మ. పదిహేనేళ్లు తిరిగాం. 2023 మార్చిలో ఆర్సీ గడువు అయిపోతే, రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అనుకుంటూ ఇంటి ముందు బాదం చెట్టు కింద పెట్టేశాం. సముద్రం గాలి మాత్రం రేపు, ఎల్లుండి అనలేదు. రెండున్నరేళ్ల తరవాత డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి చూస్తే రూపాయి బిళ్ల పట్టేంత చిల్లు, అందులోంచి కింద రాలిన బాదం ఆకులు కనబడుతున్నాయి.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో తేల్చేశాడు. "మావయ్యా, ఏదో ఒక చారిటీకి ఇచ్చెయ్యరాదూ? ఇక్కడైతే ఒక్క ఫోన్ చేస్తే ట్రక్కు తెచ్చుకుని వాళ్లే పట్టుకుపోతారు. టాక్స్‌లో కూడా తగ్గుతుంది." అక్కడ అది నిజమే. సంస్థలు అలా వచ్చిన కార్లని చాలావరకు వేలం వేసి డబ్బు చేసుకుంటాయి. మన దగ్గర బండి కంటే కాగితం బరువెక్కువ. ఆర్సీ మీద ఎవరి పేరుందో వాళ్లదే బండి, వాళ్లదే బాధ్యత. తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది చట్టానికి తరవాతి సంగతి.

అందుకని మొదటే ఒక మాట. మీ పేరు ఆర్సీలోంచి పోయిన రోజే ఆ కారు దానం అయినట్టు. గేటు దగ్గర బండి వదిలి, రెండు ఫొటోలు దిగి వచ్చేస్తే అయిపోదు. వాజశ్రవసుడు యాగం చేసి, వట్టిపోయి, గడ్డి కూడా కొరకలేని ఆవుల్ని దానం ఇస్తుంటే పక్కనున్న కొడుకు నచికేతుడికి మనసొప్పలేదని చిన్నప్పుడు విన్నాం కదా. ఆర్సీ చచ్చిపోయిన కారుని అనాథాశ్రమానికి తోలెయ్యడం ఆ గోదానం లాంటిదే.

నేను తిరిగిన తిరుగుడులో తెలిసినదంతా వరసగా చెబుతాను.

ముందు ఫోన్లో చూసుకోవలసినవి

ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టండి. "గడువు దాటింది" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, దాటేవి మూడు ఉంటాయి: రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. సొంత వాడకం కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తరవాత రెన్యువల్ చేయించుకుంటే అయిదేళ్లకి ఇస్తారు, మళ్లీ అయిదేళ్లకి మళ్లీ వెళ్లాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ ఒక్క పూటలో అయ్యే పనులు. అసలు కథ రిజిస్ట్రేషన్‌దే.

అదే తెరమీద ఇంకో రెండు చూడండి. ఒకటి, హైపోథికేషన్ అన్న చోట ఏ బ్యాంకు పేరైనా ఇంకా ఉందా? అప్పు ఎప్పుడో తీరిపోయినా పేరు తీయించుకోని వాళ్లు మనలో చాలామంది. రెండు, చలాన్లు. బీచ్ రోడ్డులో ఎప్పుడో పడ్డ పార్కింగ్ చలానా కూడా ఈ రోజు మీ దారికి అడ్డం వస్తుంది. కట్టేసి రసీదు దాచుకోండి.

తరవాత లెక్క

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. మనసు మంచిదే, లెక్క వెయ్యరు. నా లెక్క ఇలా వచ్చింది.

కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000. బండికి 20 ఏళ్లు దాటితే 10,000, ఇది 2025 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో వచ్చింది. ఆలస్యానికి వేరే రుసుం ఉంది: కారుకి నెలకి 500, నెలలో రెండు రోజులు దాటినా పూర్తి నెలే. మాకు 30 నెలలు దాటింది కాబట్టి 15,000. అంటే ఆఫీసు మెట్లెక్కకముందే 20,000. దాని మీద పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్సు. ఇన్సూరెన్సు ఉత్త థర్డ్ పార్టీ చాలనుకున్నా, 1000 సీసీ లోపు కారుకి 2022 జూన్ నుంచి అమలైన ప్రీమియం 2,094, జీఎస్టీ అదనం. 1000 నుంచి 1500 సీసీ అయితే 3,416.

ఇక బండి పని. కంచరపాలెంలో మాకు తెలిసిన మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి, మ్యాటు ఎత్తి, చిల్లులో వేలు పెట్టి చూసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని అన్నాడు: "మాస్టారూ, బ్యాటరీ, రెండు టైర్లు, కింద రేకు వెల్డింగు, బ్రేకులు. ఆఫీసు ఖర్చుతో కలిపితే నలభై దాటిపోద్ది. అంతా అయ్యాక దీనికి ముప్పై ఇచ్చేవోడు దొరికితే మీ అదృష్టం."

నలభై వేలు పెట్టి ముప్పై వేల వస్తువు దానం చెయ్యడం కంటే ఆ నలభై వేలు చేతికిస్తే సరిపోదా? నా మటుకు నేను పెట్టుకున్న గీటు ఇది: రెన్యువల్, రిపేరు కలిపిన ఖర్చు, రెన్యువల్ అయ్యాక బండికి వచ్చే ధరలో సగం దాటకూడదు. దాటితే బండిని బండిగా దానం చేసే ఆలోచన మానేయాలి. మొన్నే గడువు దాటి, గ్యారేజీలో నీడపట్టున ఉన్న బండి అయితే లెక్క వేరేలా వస్తుంది. సముద్రానికి దగ్గరగా పెదవాల్తేరులోనో లాసన్స్ బే కాలనీలోనో ఆరుబయట ఉన్న బండి అయితే మాత్రం పైన రంగు చూసి మోసపోకండి. వంగి కింద చూడండి.

ఈ లెక్క తేలితే మీ ముందు మూడు దారులుంటాయి. బండిని బతికించి ఇవ్వడం, తుక్కుకిచ్చి డబ్బు ఇవ్వడం, పాఠానికి ఇవ్వడం.

మొదటి దారి: రెన్యువల్ చేయించి సంస్థ పేరు మీదకి మార్చడం

అన్నిటికంటే ముందు తీసుకునేవాళ్లని వెతుక్కోండి. రెన్యువల్ చేయించేశాక "మాకు వద్దండీ" అంటే మీ డబ్బు బూడిదలో పోసినట్టే. నేను ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి అడిగాను. నడిపే పెద్దావిడ కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పింది. "బాబూ, కోపం తెచ్చుకోకు. కారంటే డ్రైవరు కావాలి, పెట్రోలు కావాలి, ఏడాదికోసారి ఇన్సూరెన్సు. మా వాళ్లని కేజీహెచ్ ఆస్పత్రికి తీసుకెళ్లడానికి నెలంతా ఆటోకయ్యేది అందులో సగం కూడా ఉండదు. నీకు వీలైతే పెద్దవాళ్ల డైపర్లు కొనిపెట్టు." టీ గ్లాసు పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియలేదు నాకు. అంతవరకూ వాళ్లకి ఏం కావాలని అడగాలనే తట్టలేదు.

"అంబులెన్సుగా వాడుకుంటారులే" అనుకునేవాళ్లకి ఒక మాట: చిన్న కారుకి ఎర్ర అక్షరాలు రాస్తే అంబులెన్సు కాదు. దానికి వేరే ప్రమాణాలు, వేరే రిజిస్ట్రేషన్ ఉన్నాయి. మీ కారు సిబ్బంది తిరగడానికో, మందులు, సరుకులు తేవడానికో పనికొస్తుంది. ఊరి చివర ఆనందపురం, భీమిలి వైపు ఉన్న ఆశ్రమాలకి, బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాల్సిన వాళ్లకి, ఇలాంటి బండి నిజంగా అక్కరకొస్తుంది. నగరం నడిబొడ్డున ఉన్నవాళ్లకి పెట్టుకోడానికి చోటే ఉండదు.

సంస్థ ఒప్పుకుందనుకోండి. వాళ్ల దగ్గర మూడు కాగితాలు తీసుకోవాలి: సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ నకలు, సంస్థ పాన్ కార్డు, ఈ కారుని తీసుకోవడానికీ ఫలానా వ్యక్తి సంతకం పెట్టడానికీ ఒప్పుకున్నామన్న కమిటీ తీర్మానం. మూడోది లేకపోతే, పేరు మార్చే రోజున కౌంటర్లో సంతకం పెట్టిన ఆయన ఎవరో తేలక పని ఆగిపోతుంది. అయిదేళ్లకి మళ్లీ రెన్యువల్ ఉంటుందని, దానికి ఫీజు ఉంటుందని కూడా అప్పుడే చెప్పెయ్యండి. చెప్పకుండా ఇవ్వడం దాపరికం కిందకే వస్తుంది.

ఆ తరవాత వరస:

1. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తీసుకోండి, పొల్యూషన్ సర్టిఫికెట్ చేయించండి. ఇవి లేకుండా ముందుకి కదలదు.

2. పరివాహన్ పోర్టల్‌లో రెన్యువల్‌కి అప్లై చెయ్యండి. అది ఫారం 25. ఫీజు, ఆలస్య రుసుం, గ్రీన్ ట్యాక్సు అక్కడే లెక్క కట్టి చూపిస్తుంది. మీ ఆధార్‌కి లింకైన ఫోను దగ్గర పెట్టుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. పాత నంబరు ఎప్పుడో పోగొట్టుకున్నవాళ్లు ముందు ఆధార్ సెంటరుకి వెళ్లి రావాలి.

3. ఇచ్చిన తేదీకి బండిని చూపించాలి. నగరంలో వాళ్లకి మాధవధార ఆఫీసు. మీది గాజువాక పరిధా, ఇంకొకటా అన్నది పోర్టలే చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయ్యింది కాబట్టి, అటువైపు అడ్రసున్న పాత ఏపీ 31 బండ్లవాళ్లు ఒకసారి సరిచూసుకోవాలి. బండిని నడుపుకుంటూ వెళ్లకండి. రిజిస్ట్రేషన్ చెల్లని బండి రోడ్డు మీద పట్టుబడితే మొదటిసారికే 2,000 నుంచి 5,000 దాకా జరిమానా. ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లడమే మేలు.

4. ఇన్‌స్పెక్టరు లైట్లు, ఇండికేటర్లు, హారన్, బ్రేకులు, టైర్లు చూస్తారు. తరవాత ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

చాసిస్ నంబరు ఆల్టో లాంటి బండ్లలో బానెట్ ఎత్తితే వెనకగోడ రేకు మీద కొట్టి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. మన ఊరి బండ్లలో ఆ రేకే తుప్పు పట్టి ఉంటుంది. మా దానికి చివరి మూడు అంకెలు కనబడలేదు. మెకానిక్ కుర్రాడు గరుకు కాగితం తీస్తే మా మెకానిక్ గట్టిగా కేకలేశాడు: "ఒరే, అది రుద్దితే అంకె అరిగిపోద్ది, దొంగబండి అనుకుంటారు." గుడ్డని కిరసనాయిల్లో తడిపి ఒక రాత్రంతా దాని మీద ఉంచి, పొద్దున్న మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమాడు. 8, 8 తరవాత 3 తేలింది. మీరూ అంతే చెయ్యండి. ఇనప బ్రష్షు, గ్రైండరు దగ్గరకి రానివ్వకండి. ఈ పని తుక్కుకి ఇచ్చేవాళ్లకీ అవసరమే, అక్కడా ఈ నంబరు సరిపోల్చుకుంటారు.

5. రెన్యువల్ అయ్యాకే పేరు మార్పిడి. గడువు దాటిన ఆర్సీ మీద పేరు మారదు. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. ఇచ్చేవాళ్లు మీరు, తీసుకునేది సంస్థ. బండి అప్పగించిన 14 రోజుల్లో మీరు తెలియజేయాలని, 30 రోజుల్లో తీసుకున్నవాళ్లు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. నేనైతే ఆ 14 రోజుల దాకా కూడా ఆగొద్దంటాను. రెండు ఫారాలూ ఒకే పూట, ఒకే బల్ల మీద సంతకాలు అయిపోవాలి. ఖాళీ ఫారం 29, 30 మీద సంతకం పెట్టి ఎవరి చేతిలోనూ పెట్టకండి, ఎంత నమ్మకస్తులైనా సరే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2007లో ఒకాయన కారు అమ్మేశాడు. అది చేతులు మారి మారి 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో పేరు మాత్రం మొదటాయనదే. పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఆయనదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మినా, ఊరికే ఇచ్చినా సూత్రం ఒకటే.

మన జిల్లాలో ఇంకో భయం ఉంది. ఏజెన్సీ కొండల నుంచి గంజాయి కార్లలో కూడా దిగుతుంది. అలాంటి బండి పట్టుబడితే పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఆర్సీలో ఉన్న అడ్రసుకి. "సేవా సంస్థ నుంచి వచ్చాం, పాత కార్లు తీసుకెళ్తాం, కాగితాలు తరవాత చూసుకుందాం" అని ఇంటికొచ్చి అడిగేవాళ్లకి మంచినీళ్లిచ్చి పంపించెయ్యండి.

రెండో దారి: తుక్కుకి ఇచ్చి, డబ్బు దానం చెయ్యడం

నేను చివరికి ఎంచుకున్నది ఇదే. మన ఊరి ఉప్పుగాలికి పదిహేనేళ్లు దాటిన బండ్లలో ఎక్కువ వాటికి ఇదే సరైన దారి అని నా నమ్మకం.

తుక్కు అనగానే పాత ఇనుము కొట్టు గుర్తొస్తుంది. ఆటోనగర్ వైపు అడిగితే రేటు బాగానే చెబుతారు, సాయంత్రానికి డబ్బు కూడా ఇస్తారు. కానీ అక్కడ బండి ముక్కలవుతుంది, ఆర్సీ మాత్రం మీ పేరు మీద బతికే ఉంటుంది. నేను ముందు ఆ దారే పట్టాను. ఒక ఏజెంటు "ఆర్సీ క్యాన్సిల్ నేను చేయిస్తాను సార్" అని 3,000 తీసుకున్నాడు. నెలన్నర "సైటు పని చెయ్యట్లేదు" అన్నాడు, తరవాత ఫోనే ఎత్తలేదు. బండి ఇంకా నా దగ్గరే ఉండబట్టి బతికిపోయాను.

2021 సెప్టెంబరులో కేంద్రం వాహన స్క్రాపింగ్ కేంద్రాలకి నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం రిజిస్టరైన కేంద్రాలే చట్టప్రకారం బండిని తుక్కు చెయ్యగలవు. పరివాహన్‌లో వాహన స్క్రాపింగ్ విభాగంలోకి వెళ్లి రాష్ట్రం ఎంచుకుంటే జాబితా వస్తుంది. బండి ఎక్కడ రిజిస్టరైనా సరే, ఏ కేంద్రానికైనా ఇవ్వచ్చు. ఏపీ 31 బండిని వేరే జిల్లాలోనైనా, వేరే రాష్ట్రంలోనైనా ఇవ్వచ్చు. అక్కడికి చేర్చే ట్రక్కు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. చాలామంది ఆ ఖర్చుని ధరలోంచి కోసుకుని మిగతాది ఇస్తామంటారు. రెండు మూడు చోట్ల అడగండి, రేటు అడిగేటప్పుడు బ్యాటరీ, క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్నాయో లేవో చెప్పండి. సైలెన్సరు గొట్టంలో ఉండే ఆ కన్వర్టరులో ఖరీదైన లోహాలుంటాయి. మధ్యలో ఎవరో మెకానిక్ దాన్ని "పాడైంది" అని పీకేసి ఉంటే ధర పడిపోతుంది.

ఇక్కడ రెన్యువల్ చేయించక్కర్లేదు. అందుకే లెక్క తిరగబడుతుంది: 20,000 కట్టే చోట ఎదురు డబ్బు వస్తుంది. ఇవ్వవలసినవి ఆర్సీ, మీ గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు. వాళ్లు బండి దొంగిలించిందేమో, అప్పు ఉందేమో, కేసులున్నాయేమో రికార్డుల్లో చూస్తారు. అప్పగించాక సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. బండిని కోసేశాక స్క్రాపింగ్ సర్టిఫికెట్ వస్తుంది. చాలామంది మొదటిది అందగానే పని అయిపోయిందనుకుంటారు. కాదు. ఆర్సీ చావాలంటే రెండోది రావాలి, రిజిస్ట్రేషన్ రద్దవ్వాలి. చాసిస్ నంబరున్న రేకు ముక్కని కోసి కేంద్రం వాళ్లు విడిగా దాచిపెడతారు, ఎవరైనా ఆ నంబరుతో దొంగబండి నడపకుండా.

సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌కి విలువ ఉంది. కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. లైఫ్ ట్యాక్సులో సొంత కార్లకి 25 శాతం దాకా రాయితీ ఇవ్వచ్చని కేంద్ర నియమం, ఎంతిచ్చేదీ రాష్ట్రాల ఇష్టం. మీరు కొత్త బండి కొనకపోతే దాన్ని ఆన్‌లైన్‌లో వేరేవాళ్లకి అమ్ముకోవచ్చు. దానికి గడువు ఉంది, బీరువాలో పడెయ్యకండి.

నాకు ట్రక్కు ఖర్చు పోను ఖాతాలో 19,000 పడ్డాయి. రెన్యువల్‌కి తగలెయ్యబోయిన 20,000 ఎలాగూ పక్కన పెట్టుకున్నాను కదా. రెండూ కలిపాను.

మూడో దారి: ఐటీఐకో పాలిటెక్నిక్‌కో ఇవ్వడం

బాడీ కుళ్లిపోయి ఇంజిన్ బాగున్న బండికి ఇది ముచ్చటైన దారి. మోటారు మెకానిక్ కోర్సు నేర్చుకునే కుర్రాళ్లకి విప్పడానికి, బిగించడానికి బండి కావాలి. కంచరపాలెంలోనే ప్రభుత్వ ఐటీఐ, ప్రభుత్వ పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి. ప్రైవేటువీ ఉన్నాయి. ప్రిన్సిపాల్ పేర ఒక ఉత్తరం, బండి ఫొటోలు, ఇంజిన్ నడుస్తున్న చిన్న వీడియో తీసుకుని వెళ్లి అడగండి. అన్ని చోట్లా తీసుకోరు, చోటు, పైవాళ్ల అనుమతి ఉండాలి.

తీసుకుంటామంటే, బండి ఇక రోడ్డెక్కదని రాసిచ్చి, సంస్థ స్టాకు రిజిస్టరులో నమోదు చేసిన కాగితం తీసుకుని, చట్టం 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దుకి దరఖాస్తు పెట్టాలి. బండి ఎప్పటికీ వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో తెలియజేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఈ దారి పట్టేవాళ్లు ముందు ఆర్టీఏ ఆఫీసులో మాట్లాడుకుని, ఆ తరవాతే బండి కదపండి.

కాగితాలు చిక్కుపడితే

నాన్నగారి పేరు మీదున్న కారు, ఆయన పోయి నాలుగేళ్లు. మన ఇళ్లల్లో మూలనపడ్డ కార్లలో సగం ఇవే. ముందు బండి వారసుల పేరు మీదకి రావాలి, అది ఫారం 31. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. రెండోదానికి సచివాలయంలో అప్లై చేస్తే తహశీల్దారు ఆఫీసు నుంచి వస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల అభ్యంతరం లేదన్న పత్రాలు కూడా. "తుక్కు కారుకి ఇంతా?" అని మా బావగారు విసుక్కున్నారు, ఆయనకి ఇదే వచ్చిపడింది. విసుక్కున్నా, పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడు సంతకాలు పెట్టించేసుకోవడం తెలివైన పని.

బ్యాంకు పేరు ఇంకా ఉంటే: బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆ పేరు తీయించడానికి ఫారం 35. అప్పిచ్చిన బ్యాంకు ఇప్పుడు వేరే పేరుతో ఉండచ్చు. ఆంధ్రా బ్యాంకు అప్పయితే 2020 ఏప్రిల్ నుంచి యూనియన్ బ్యాంకు దగ్గరకే వెళ్లాలి. పాత లోను నంబరు, కట్టేసిన రసీదు పట్టుకెళ్లండి, ఉత్త చేతులతో వెళ్తే రెండు రోజులు తిప్పుతారు.

ఆర్సీ పోయిందా? పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ ఆర్సీకి ఫారం 26.

అప్పగించే రోజు

ఏ దారైనా ఇది మాత్రం ఒకేలా చెయ్యండి. రెండు కాపీల అప్పగింత కాగితం రాసుకోండి: బండి నంబరు, చాసిస్ నంబరు, కిలోమీటర్ల రీడింగు, తేదీ, గంట, నిమిషం, తీసుకున్న వ్యక్తి పేరు, సంతకం, గుర్తింపు కార్డు నకలు. నిమిషం దాకా ఎందుకంటారా? ఆ సాయంత్రమే ఏదైనా జరిగితే అప్పుడు ఆ నిమిషమే మీకు సాక్ష్యం.

అద్దం మీద ఫాస్టాగ్ ఉంటే ముందురోజే బ్యాంకులో మూయించి, స్టిక్కరు గీకెయ్యండి. లేకపోతే మీరు ఇంట్లో కూర్చుని ఉండగా నాతవలస టోలుగేటు దగ్గర మీ డబ్బు కటింగు అయినట్టు మెసేజ్ వస్తుంది. గ్లవ్ బాక్సు, సీటు కిందా చూడండి. మా దాంట్లో పాత పెట్రోలు బిల్లులు, పిల్లదాని పాలపన్ను రంగు క్లిప్పు, రెండో తాళంచెవి దొరికాయి. రెండో తాళంచెవి కూడా ఇచ్చెయ్యాలి. అప్పన్న బొమ్మ అయితే గమ్ము ఊడలేదు. మా ఆవిడ వేడినీళ్ల గుడ్డతో పది నిమిషాలు కూర్చుని తీసింది.

పన్ను సంగతి

మా మేనల్లుడు చెప్పినది ఇక్కడ పనిచెయ్యదు. దానాలకి ఆదాయపు పన్నులో ఇచ్చే 80జి మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన దానికే. కారు, బియ్యం, బట్టలు, ఏ వస్తువిచ్చినా మినహాయింపు లేదు. రెండో దారి బాగుండటానికి ఇదీ ఒక కారణం: తుక్కు డబ్బు మీ ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి సంస్థకి వెళ్తే అది డబ్బు దానమే. నగదుగా ఇస్తే 2,000 దాటిన మొత్తానికి మినహాయింపు ఉండదు కాబట్టి యూపీఐ, చెక్కు, బ్యాంకు బదిలీ. సంస్థకి 80జి అనుమతి ఉందో అడిగి, మీ పాన్ నంబరు ఇచ్చి, దానం అందినట్టు సంస్థ ఇచ్చే ఫారం 10బీఈ పంపమని చెప్పండి. మార్చి దాకా ఇచ్చిన దానాలకి అది మే 31 లోపు రావాలి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ 80జి గోలే లేదు. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే వచ్చిన డబ్బు మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా ఉండదు.

ఆ తరవాత

వారానికోసారి ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి. మొదటి దారి అయితే యజమాని పేరు మారాలి, మిగతా రెండిట్లో రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపించాలి. స్క్రీన్‌షాట్ తీసి, అప్పగింత కాగితం, సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టండి. ఇన్సూరెన్సులో గడువు మిగిలి ఉంటే ఇప్పుడు కంపెనీకి చెప్పండి, ఇంకా ముందు కాదు.

మాకు పదిహేడో రోజున రద్దయినట్టు వచ్చింది. ఆ మర్నాడు వృద్ధాశ్రమం పెద్దావిడకి ఫోన్ చేసి, డైపర్లు ఏ సైజు కావాలో అడిగాను. "మీడియం పది ప్యాకెట్లు, లార్జి ఇరవై. మిగిలిన డబ్బు ఆఫీసులో కట్టి రసీదు తీసుకో బాబూ" అంది. ఇంటి ముందు బాదం చెట్టు కింద ఇప్పుడు ఎదురింటివాళ్ల స్కూటరు పెడుతున్నారు.